గైడ్‌బుక్‌లో నాలుగు లైన్లు చదివి బాట లేని కొండకు ప్లాన్ ఎలా వేసుకోవాలి?

ఓరుగల్లు_నడక
వచ్చే సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాను. ఇద్దరం కలిసి అక్కడి మౌంట్ విట్నీ శిఖరం ఎక్కాలని చాలా రోజుల కోరిక. అందరూ పోయే బాటలో కాదు. 'మౌంటెనీర్స్ రూట్' అని ఇంకోటి ఉంది. కొంత దూరం పోయాక సరైన బాట ఉండదు, రాళ్లు పట్టుకుని ఎక్కాలి. తమ్ముడు అక్కడ దొరికే గైడ్‌బుక్ ఒకటి కొని పంపాడు. ఇటుకంత లావు. తీరా తెరిస్తే మా రూట్ గురించి ఒక్క పేరా ఉంది. వాగు వెంట పైకి పోవాలి, ఫలానా సరస్సు నుంచి ఒర్రెలో ఎక్కాలి, పైన గండి వస్తుంది, అక్కడి నుంచి శిఖరం, క్లాస్ 3. ఎన్ని గంటలు పడుతుంది, భయపడాల్సిన చోటు ఏది, ఎక్కడి నుంచి వెనక్కి తిరగొచ్చు, ఒక్క ముక్క లేదు.

ఇలాంటి రాతను పట్టుకుని నడవడం ముందు మన దగ్గర అలవాటు చేసుకుందామని పోయిన నెల ఇద్దరు దోస్తులతో పాండవుల గుట్టలకు పోయాను. అంతకు ముందు అక్కడ ఎక్కిన మిత్రుడు ఒకడు అచ్చం గైడ్‌బుక్ లాగే రాసిచ్చాడు: ఒర్రెకు ఎడమ పక్కన ఎక్కండి, రెండు గుండ్ల మధ్య నుంచి దూరి పైకి పొండి, గంటన్నర. మేము ఎడమ పక్కనే ఎక్కాం. రెండు గుండ్లూ కనిపించాయి. వాటి మధ్య నుంచి దూరాక ఏటవాలు బండ వచ్చింది, పాక్కుంటూ దాన్నీ ఎక్కేశాం. ఆపైన దారి లేదు, నిలువు గోడ. వెనక్కి దిగుదామని చూస్తే కాళ్లు పెట్టి వచ్చిన చోటు ఒక్కటీ కనబడలేదు. ఆ బండ ఎత్తు మనిషికి రెండింతలు కూడా ఉండదు. అయినా గంటకు పైగా అక్కడే కూర్చున్నాం. చివరికి మేకలు కాసే పెద్దాయన ఒకరు చూసి, చుట్టూ తిరిగి వచ్చి దింపాడు.

ఈ పుస్తకాలు రాసేవాళ్లు ఇంత తక్కువ ఎందుకు రాస్తారు? దీన్ని నమ్ముకుని ప్లాన్ ఎట్లా వేసుకోవాలి?

బండమీది_బల్లి
క్షేమంగా దిగారు, అది చాలు. ఒక్క మాట చెప్పు, ఎడమ అంటే ఏ ఎడమ?

ఓరుగల్లు_నడక
అదేం ప్రశ్న అన్నా. ఎక్కేటప్పుడు నా ఎడమ చేతి వైపు.

బండమీది_బల్లి
తంటా అక్కడే వచ్చి ఉంటుంది. వాగుకు, ఒర్రెకు ఎడమ కుడి చెప్పేటప్పుడు నీళ్లు పారే వైపు ముఖం పెట్టి చెప్పే పద్ధతి ఒకటి ఉంది. పైకి ఎక్కేవాడికి అది తలకిందులు. కొండల గైడ్‌బుక్కుల్లో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. ఏది వాడారో ముందుమాటలో రాసి ఉంటుంది. మనం ముందుమాట వదిలేసి నేరుగా రూట్ పేజీకి పోతాం. ఎడమ కుడి కాకుండా తూర్పు పడమర రాసి ఉంటే ఈ గొడవే ఉండదు. మీ మిత్రుడిని అడిగి చూడు.

ఓరుగల్లు_నడక
ఇప్పుడే ఫోన్ చేశాను. కిందికి దిగుతూ గుర్తు పెట్టుకున్నది రాశాడట. వాడి ఎడమ నాకు కుడి!

సబ్బినాడు_సైకిల్
మరి రెండు గుండ్లు ఎట్లా కనబడ్డాయి?

బండమీది_బల్లి
మన గుట్టల్లో రెండు గుండ్లు కనబడని చోటు చూపించు, నీకు నేను చాయ్ తాగిస్తా.

సబ్బినాడు_సైకిల్
నిజమే. మొలంగూర్ ఖిల్లా దగ్గర నాకూ ఇట్లాగే అయింది. 'పెద్ద బండ పక్క నుంచి' అని ఎవరో చెప్తే, ఎదురైన ప్రతి పెద్ద బండా అదే అనిపించింది. కాగితంలో ఉన్నది కనబడాలని మనసు ముందే అనుకుంటుంది, అందుకే ఏది చూసినా దానికి సరిపోతుంది. అప్పటి నుంచి నేను ఒక గుర్తు సరిపోతే కదలను. రెండోది కూడా సరిపోవాలి, వాచీలో టైమ్ కూడా సరిపోవాలి. ఇరవై నిమిషాల్లో రావాల్సిన గుండు ఐదు నిమిషాల్లో వచ్చిందంటే అది వేరే గుండు.

సియెర్రా_పక్కింటోణ్ణి
నేను ఉండేది అక్కడే, ఆ రూట్‌లో రెండుసార్లు పోయాను, ఒకసారి శిఖరం దాకా. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు తమ్ముడూ.

తక్కువ ఎందుకు రాస్తారంటే, ఆ పుస్తకం ఒక్క కొండ గురించి కాదు, మొత్తం పర్వత శ్రేణి గురించి. వందల శిఖరాలు, ఒక్కోదానికి నాలుగైదు దారులు. చదివేవాడి చేతిలో మ్యాప్ ఉంటుంది, మ్యాప్ చదవడం వచ్చు అనే లెక్కతో రాస్తారు. పుస్తకం పని ఈ కొండకు ఈ వైపు నుంచి మనిషి పోగలడని చెప్పడం. అడుగడుగునా చెయ్యి పట్టుకుని నడిపించడం దాని పని కాదు.

ఇక క్లాస్ 3 సంగతి. ఎక్కడం ఎంత కష్టమో చెప్పే ఈ లెక్క 1930లలో సియెర్రా క్లబ్ అనే అక్కడి సంఘం వాళ్లు పెట్టింది. 1 అంటే బాట మీద నడక. 2 అంటే బాట లేని రాళ్ల మీద నడక, అక్కడక్కడా చెయ్యి ఆన్చాలి. 3 అంటే చేతులతో పట్టు దొరకబుచ్చుకుని ఎక్కాలి. 4 దగ్గర పడితే ప్రాణం మీదికి వస్తుంది, చాలామంది తాడు కట్టుకుంటారు. 5 పూర్తిగా తాడు పని. బ్రిటన్ వాళ్లకు స్క్రాంబ్లింగ్‌కు (చేతులతో రాళ్లు పట్టుకుని ఎక్కడానికి) 1, 2, 3 అని వేరే గ్రేడ్లు ఉన్నాయి. రెండింటినీ కలిపి చదివితే మోసపోతాం, వాళ్ల గ్రేడ్ 3 చోట్ల మంచి మంచివాళ్లు కూడా తాడు కట్టుకుంటారు.

ముఖ్యమైనది ఇది. ఆ నంబర్ రూట్ మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన చోటుకు ఇచ్చింది, అదీ రాయి పొడిగా ఉన్న రోజుకు. ఆ చోటు పది అడుగులా, వంద మీటర్లా అన్నది అందులో లేదు. రాళ్లు వదులుగా ఉన్నాయా, గాలి పలుచనా, మంచు ఉందా అన్నవీ లేవు.

విట్నీనే చూడు. బయల్దేరే చోటు విట్నీ పోర్టల్ దగ్గర దగ్గర 2,550 మీటర్లు. శిఖరం 4,421. నార్త్ ఫోర్క్ వాగు పట్టుకుని పోతే మొదట్లోనే ఎబర్స్‌బాకర్ లెడ్జెస్ అని బండ అంచులు వస్తాయి. కష్టమేమీ కాదు, కానీ పొద్దున చీకట్లో పోయి అక్కడ దారి తప్పేవాళ్లు చాలామంది. ఐస్‌బర్గ్ లేక్ 3,800 మీటర్లకు పైన ఉంటుంది, లేహ్ పట్టణం కన్నా ఎత్తు. అక్కడి నుంచి ఒర్రె. ఎండాకాలం చివరికొస్తే మంచు కరిగిపోయి కంకర, ఊగే రాళ్లు మిగులుతాయి. ముందు పోయేవాడి కాలు తగిలితే రాయి వెనకవాడి మీదికే వస్తుంది, హెల్మెట్ లేకుండా పోవద్దు. గండి దాటాక ఉత్తరం ముఖం మీద చివరి నూట యాభై మీటర్లు ఎక్కాలి. ఎండ తక్కువ పడే వైపు కాబట్టి మంచు పేరుకుని గడ్డకట్టి ఉండొచ్చు. సెప్టెంబర్ చివర కొత్త మంచు పడినా పడొచ్చు. పుస్తకంలో ఉన్న ఆ '3' ఒక్కటే అంకె, కానీ జూన్‌లో, ఆగస్టులో, అక్టోబర్‌లో అది మూడు వేర్వేరు కొండలు.

నేను మొదటిసారి గండి దాకా పోయి వెనక్కి వచ్చాను. రాయి మీద అద్దంలా మంచు ఉంది. మనసు చాలా బాధపడింది, అయినా దిగిపోయాను.

పర్మిట్ లేకుండా పోలేరు. ఒక్క రోజులో పోయి రావడానికైతే లాటరీ అప్లికేషన్ ఫిబ్రవరిలో పెట్టాలి, ఇప్పుడే రాసి పెట్టుకో. మలాన్ని కూడా సంచిలో కట్టి కిందికి తేవాలి, అక్కడి రూల్ అది.

ఓరుగల్లు_నడక
అన్నా, ఈ ఒక్క పోస్ట్‌తో ఆ పేరా ఇప్పుడు అర్థమవుతోంది. చాలా థ్యాంక్స్.

జీపీఎస్_పిట్ట
ఇంత తిప్పలు ఎందుకు? యాప్‌లో ఆ రూట్ ట్రాక్‌లు, అంటే ముందు పోయినవాళ్లు నడిచిన దారి గీతలు, బోలెడు ఉంటాయి. డౌన్‌లోడ్ చేసుకుని గీత మీద నడిస్తే అయిపోతుంది. పుస్తకాల కాలం పోయింది.

భువనగిరి_తాడు
పోలేదు తమ్ముడూ. గీత మీద నడవడమే అన్నిటికన్నా ప్రమాదం. నిలువు గోడల పక్కన, దట్టమైన చెట్ల కింద సిగ్నల్ గోడకు తగిలి వస్తుంది, గీత ఇరవై ముప్పై మీటర్లు పక్కకు పోతుంది. రోడ్డు మీద ఇరవై మీటర్లు పోతే ఏమీ కాదు. బండ అంచు మీద ఇరవై మీటర్లంటే ఒకటి దారి, ఇంకోటి గాలి. పైగా ఆ గీత గీసినవాడు దారి తప్పి తిరిగాడేమో, తాడు వాడాడేమో గీత చెప్పదు. పుస్తకం రాసినాయన కనీసం 'ఇక్కడ కుడికి పోవద్దు' అని రాస్తాడు.

జీపీఎస్_పిట్ట
తాడ్వాయి అడవిలో నన్ను కాపాడింది ఆ గీతే అక్కా. చీకటి పడ్డాక వచ్చిన దారినే వెనక్కి తెచ్చింది.

భువనగిరి_తాడు
అది నువ్వు నడిచి గీసుకున్న గీత కదా. దాన్ని నేనూ నమ్ముతా. నేను చెప్పేది ఎవరో గీసిన దాని గురించి.

జీపీఎస్_పిట్ట
ఆ తేడా ఉంది, ఒప్పుకుంటా.

కాజీపేట_కాంటూర్
మ్యాప్ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. మన సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాప్) 1:50,000 స్కేల్‌లో ఉంటుంది, మ్యాప్ మీద సెంటీమీటర్ అంటే నేల మీద అర కిలోమీటర్. పాండవుల గుట్టలు 56 ఎన్ నంబర్ షీట్ల కింద వస్తాయి. అందులో కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. అంటే రెండు గీతల మధ్య 15 మీటర్ల నిలువు గోడ ఉన్నా మ్యాప్‌లో కనబడకపోవచ్చు. ఓరుగల్లు_నడక గారిని గంటసేపు కూర్చోబెట్టిన బండ ఏ మ్యాప్‌లోనూ ఉండదు. అమెరికా మ్యాపుల్లో గీతలు సాధారణంగా 40 అడుగులకు ఒకటి, అక్కడా ముప్పై అడుగుల గోడ దాక్కుంటుంది.

నేను చేసేది చెప్తా. పుస్తకంలో పేరా చదివి మ్యాప్ మీద పెన్సిల్‌తో గీస్తాను. ఆ తర్వాత శాటిలైట్ ఫొటో తెరిచి అదే దారి చూస్తాను. నిలువు గోడలుంటే నీడ పడుతుంది, నల్లటి పట్టీలా కనిపిస్తుంది. పెన్సిల్ గీత నీడ మీదుగా పోతే పేరాను నేను తప్పుగా అర్థం చేసుకున్నట్టు. మళ్లీ మొదటి నుంచి చదువుతాను. ఇంట్లో ఒక సాయంత్రం పోతుంది, కానీ కొండ మీద సగం రోజు మిగులుతుంది.

మానేరు_గట్టు
టైమ్ లెక్క కూడా చెప్పండి ఎవరైనా. 'గంటన్నర' అని రాస్తే ఎవరి గంటన్నర?

కాజీపేట_కాంటూర్
నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు. ఐదు కిలోమీటర్లకు గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అది బాట మీద, బరువు లేని గట్టి మనిషికి. బాట లేని చోట నేను దాన్ని రెండింతలు చేస్తా. విట్నీకి ఎత్తు లెక్కే మూడు గంటలు దాటుతుంది, రెండింతలు చేస్తే ఆరు. దూరం వేరే, పలుచని గాలి వేరే.

సియెర్రా_పక్కింటోణ్ణి
సరిగ్గా చెప్పావు. పుస్తకం రాసినాయన నడకకూ నీ నడకకూ ఎంత తేడానో ముందు తేల్చుకోవాలి. దానికి అదే పుస్తకంలో ఉన్న సులువైన చిన్న రూట్ ఒకటి పట్టుకుని పోయి రావాలి. ఆయన మూడు గంటలు అన్నది నీకు ఐదు పడితే ఇక ప్రతి రూట్‌కూ ఆ లెక్కే వేసుకో. ఆయన 'సులువు' అన్న చోట నీ గుండె దడదడలాడితే ఆయన 'కొంచెం కష్టం' జోలికి పోకు. తమ్ముడి దగ్గరికి పోయాక మొదటి వారం ఈ పని పెట్టుకోండి, ఒంటికి ఎత్తు కూడా అలవాటవుతుంది.

అడవి_నౌకరి
ముప్పై ఏళ్లు అటవీ శాఖలో పని చేసి ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. మీ ముచ్చట అంతా చదివాను. మన అడవుల్లో అనుమతి మాట ఒక్కరు కూడా ఎత్తలేదు. ఏటూరునాగారం అభయారణ్యంలోకి పోవాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. పాండవుల గుట్టల్లో ఎక్కాలన్నా ముందు అక్కడి సిబ్బందికి చెప్పి పొండి, మీరు రాత్రికి రాకపోతే వెతకడానికి ఒక మనిషికైనా తెలియాలి. అక్కడి గుహల్లో ఆదిమ కాలం బొమ్మలున్నాయి, వాటి మీద చెయ్యి పెట్టొద్దు, చెమట చెయ్యి అసలే వద్దు. బండ సొరికెల్లోకి తొంగి చూసే ముందు చప్పుడు చేయండి, ఎలుగుబంట్లు పగలు అలాంటి చోటే పడుకుంటాయి. గోడకు పెర తేనెతుట్టె కనబడితే ఆ దారి ఆ రోజుకు లేనట్టే. పొగ, సెంటు వాసన ఆ తేనెటీగలకు పడదు. ఇవేవీ పుస్తకంలో ఉండవు, ఎందుకంటే ఇవాళ ఉన్న తుట్టె రేపు వేరే చోట ఉంటుంది.

ములుగు_మలుపు
పెద్దాయన చెప్పింది నూటికి నూరు. వానాకాలం ముచ్చట నేను కలుపుతా. 2023 జూలైలో ముత్యాలధార జలపాతం చూడటానికి పోయిన పదుల మంది వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోతే సహాయ బృందాలు రాత్రి పూట పోయి తీసుకురావాల్సి వచ్చింది. పొద్దున మోకాలి లోతు దాటిన ఒర్రె సాయంత్రం మనిషిని నిలబడనివ్వదు. రాసిపెట్టిన దారిలో 'వాగు దాటండి' అని ఉంటే, వెనక్కి కూడా దాటాలి అని పక్కన మీరే రాసుకోవాలి.

పద్మాక్షి_మెట్లు
ఇన్ని చదివి, ఇన్ని గీసి, ఇన్ని లెక్కలేసి పోతే ఇక చూడటానికి కొత్తగా ఏముంటుంది? బాట వదిలి పోయేదే తెలియని దాని కోసం కదా. నేనైతే పుస్తకం చదవకుండా పోతాను. దారి నేనే వెతుక్కుంటా, అందులో ఉన్న ఆనందం వేరు.

భువనగిరి_తాడు
ఆ ఆనందం నాకూ తెలుసు. కానీ వెతుక్కుంటూ పోవడానికి ఒక షరతు ఉంది: ఎక్కిన ప్రతి అడుగూ దిగగలగాలి. ఓరుగల్లు_నడక గారు ఇరుక్కున్నది దారి తెలియక కాదు, దిగడం రాక. ఎక్కేటప్పుడు పట్టు కళ్ల ముందు ఉంటుంది. దిగేటప్పుడు కాలి కింద ఉంటుంది, కనబడదు. భువనగిరి కోట బండ మీద మాకు మొదటి రోజు నేర్పింది అదే, నాలుగడుగులు ఎక్కు, నాలుగడుగులు దిగు, తర్వాతే ఐదోది. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్ట్ ఎక్కారు కదా, వాళ్ల శిక్షణ మొదలైంది ఆ బండ మీదే.

ఇంకోటి. పాండవుల గుట్టలది ఇసుకరాయి. హన్మకొండ, వరంగల్ చుట్టూ ఉన్నది గ్రానైట్. గ్రానైట్ తడిస్తే జారుతుంది, ఆరితే మళ్లీ మామూలే. ఇసుకరాయి తడిస్తే లోపల బలం పోతుంది, పైన ఆరినట్టు కనబడినా పట్టు ఊడి చేతిలోకి వస్తుంది. వాన పడ్డాక రెండు మూడు రోజులు ఆగాలి. మీరు పోయిన రోజుకు ముందు వాన పడిందా?

ఓరుగల్లు_నడక
ముందు రోజు రాత్రి పడింది అక్కా. పొద్దునకు ఆరిపోయిందనుకున్నాం. ఒక పట్టు నిజంగానే ఊడింది, అరచేతిలో ఇసుకలా నలిగింది. అప్పుడే ఆగిపోవాల్సింది.

మానేరు_గట్టు
ఆ మేకల పెద్దాయన ఎట్లా దింపాడో చెప్పలేదు మీరు.

ఓరుగల్లు_నడక
అది చెప్పాలి. మేము కూర్చున్న బండకు పక్కనే గడ్డి మొలిచిన సన్నటి అంచు ఒకటి ఉంది. మేము దాన్ని చూశాం, దారి అనుకోలేదు, జానెడు వెడల్పు కూడా లేదు. పెద్దాయన అటు నుంచే వచ్చాడు, కాళ్లకు రబ్బరు చెప్పులు. వస్తూ వస్తూ చేతికర్రతో రాయిని కొడుతున్నాడు. ఒక చోట టంగుమంది, అక్కడ కాలు పెట్టాడు. ఇంకో చోట బోలుగా డబ్బుమంది, దాన్ని దాటేసి అవతల పెట్టాడు. మా దగ్గరికి వచ్చి కూర్చుని మంచినీళ్లు తాగాడు. తర్వాత ఆ అంచు మీద నల్లగా ఉన్నవి చూపించాడు, మేక పెంటికలు. "ఎండిన పెంటికలున్న కాడ కాలు పెట్టు బిడ్డా, లేని కాడ పెట్టకు" అన్నాడు. అంచు ఆ పక్కనున్న గుండు వెనకకు తిరిగి, నేరుగా ఒర్రె అవతలి గట్టుకు దిగింది. కుడి వైపు గట్టుకు. నా మిత్రుడు రాసిన దారి అదే.

ఆయన దాన్ని 'మేకల ఒంపు' అంటాడట. పేరు అడిగితే అదే చెప్పాడు.

బండమీది_బల్లి
చూశావా, గైడ్‌బుక్ రాయాల్సింది ఆయన.

అడవి_నౌకరి
మా నౌకరీలో మేము మ్యాప్ పట్టుకుని పోయినా ముందు నడిచేది అలాంటి మనిషే. ఒక్క జాగ్రత్త. మేక పోయే ప్రతి చోటుకూ మనిషి పోలేడు, కాపరి పోయాడా అని అడగాలి. దారి అడిగేటప్పుడు 'ఇటు పోవచ్చా' అని అడగొద్దు, మర్యాదకు పోవచ్చనే అంటారు. 'నువ్వు ఎటు పోతావు తాతా, ఎటు దిగుతావు' అని అడగండి.

సియెర్రా_పక్కింటోణ్ణి
ఇది బంగారం లాంటి మాట సార్. అక్కడ మేకల కాపరులు ఉండరు, ఆ పని రేంజర్ ఆఫీస్ చేస్తుంది. పోయే ముందు రోజు ఫోన్ చేసి, ఉత్తరం ముఖం మీద మంచు ఎంత ఉందని అడిగితే చెప్తారు. పుస్తకం ఎప్పుడో రాసింది, వాళ్లు నిన్న విన్నది చెప్తారు.

సబ్బినాడు_సైకిల్
పోయేటప్పుడు పుస్తకం అంతా మోస్తారా? నేను ఆ పేజీ ఫొటో తీసుకుంటా, ఒక జిరాక్స్ కాగితం కూడా జేబులో పెట్టుకుంటా. ఫోన్ పడిపోయిన రోజు ఆ కాగితమే దిక్కయింది, రామగిరి ఖిల్లా దగ్గర.

కాజీపేట_కాంటూర్
జిరాక్స్ వెనక వైపు వెనక్కి తిరిగే టైమ్ రాయండి. శిఖరం ఎంత దగ్గరున్నా ఆ టైమ్‌కు తిరగాలి. డిసెంబర్‌లో మన దగ్గర ఐదూ నలభైకల్లా పొద్దు గూకుతుంది.

పద్మాక్షి_మెట్లు
నేను అన్న మాట మార్చుకోను, చదవకుండా పోయే రోజులు నాకు ఉంటాయి. కానీ దిగలేని చోటు ఎక్కననే షరతు పెట్టుకుంటా. అక్కకు మాట ఇస్తున్నా.

ఓరుగల్లు_నడక
రాత్రి కూర్చుని మిత్రుడి నాలుగు లైన్లు మళ్లీ రాశాను. తప్పులుంటే చెప్పండి.

'రేగొండ వైపు నుంచి వచ్చి సిబ్బందికి చెప్పి బయల్దేరాలి. ఒర్రెకు తూర్పు గట్టు మీద ఎక్కాలి (ఎక్కేవాళ్లకు కుడి చెయ్యి). ఇరవై ఐదు నిమిషాలకు రెండు గుండ్లు, ఎడమ గుండు మీద తెల్లటి చార ఉంటుంది, చార లేకపోతే అవి వేరే గుండ్లు. గుండు వెనక గడ్డి అంచు, మేకల ఒంపు, వంద అడుగులుంటుంది. ఎక్కిన దారినే దిగాలి. పడమటి గట్టు గుండ్ల పైన ఏటవాలు బండ ఎక్కొద్దు, ఆపైన దారి లేదు. వాన పడిన మూడు రోజుల దాకా పోవద్దు. తేనెతుట్టె చూసుకోవాలి. మాకు ఎక్కడానికి రెండున్నర గంటలు పట్టొచ్చు.'

భువనగిరి_తాడు
'పట్టొచ్చు' అన్నావు. పోయి చూసి అసలు టైమ్ రాయి.

ఓరుగల్లు_నడక
వచ్చే ఆదివారం పోతున్నాం అక్కా. వాన పడకపోతేనే. పెద్దాయనతో మాట్లాడాను, ఆయనా వస్తానన్నాడు. రోజు కూలి ఆయన వద్దన్నా మేము ఇస్తాం.

భువనగిరి_తాడు
అయితే నేనూ వస్తా. తాడు, మూడు హెల్మెట్లు తెస్తా. ఆ ఏటవాలు బండ మీద తాడు కట్టి నిన్ను పదిసార్లు దింపుతా.

బండమీది_బల్లి
పొద్దున ఆరింటికి పరకాల బస్టాండ్ దగ్గర ఉంటా. అమ్మ సర్వపిండి చేసి ఇస్తానంది. పెద్దాయనకు కూడా కలిపి.